ట్రెడ్ అరగకముందే బీటలు వారుతున్న బైక్ టైర్లు: తయారీ తేదీ బిల్లుపై ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ద్విచక్ర వాహనాల భద్రత గురించి మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. హెల్మెట్ గురించి, బ్రేకుల గురించి, లైట్ల గురించి వాటిలో వివరంగా రాస్తున్నారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గాలి సరిచూసుకోవాలి, అరిగిపోతే మార్చుకోవాలి అన్న రెండు మాటలతో సరిపెడుతున్నారు. అరగకుండానే పాడయ్యే టైరు ప్రస్తావన వాటిలో కనిపించదు. గాడులు ఇంకా లోతుగా ఉండగానే పక్క గోడల మీదా, గాడుల అడుగునా బీటలు వారిన టైర్లతో ఎందరో బండ్లు నడుపుతున్నారు. ఆ బీటలు ఎందుకు వస్తాయో, వాటిని ఎలా చూడాలో మీ పాఠకుల ముందు ఉంచాలని, దానితో పాటు టైర్ల అమ్మకంలో రావలసిన ఒక మార్పును కోరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బైకు టైరు ఎలా ఉందో చూడమంటే చాలామంది చూపు ట్రెడ్ మీదికే, అంటే రోడ్డును తాకే గాడుల భాగం మీదికే పోతుంది. గాడులు కనిపిస్తుంటే టైరు బాగున్నట్లే లెక్క. రోజూ ఎక్కువ దూరం తిరిగే బండికి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే దాని టైరు పాతబడేలోపే అరిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి బయటకు తీసే బండి, నెలల తరబడి షెడ్డులో నిలబడి ఉండే బండి, ఇంటికీ పక్క వీధి దుకాణానికీ మాత్రమే తిరిగే బండి, వీటి టైర్లు అరగవు, ముదురుతాయి. అరుగుదలను కొలవడానికి టైరు మీదే గుర్తులు పెట్టారు; గాడుల మధ్య చిన్న దిమ్మెల్లాంటి ఆ గుర్తులతో ట్రెడ్ సమానమైతే టైరు పని అయిపోయిందని తెలిసిపోతుంది. ముదరడానికి అలాంటి గుర్తు ఏదీ లేదు. చేత్తో పట్టి, కళ్లతో చూసి తెలుసుకోవలసిందే.

మోటార్‌సైకిల్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. కారు టైరు వెడల్పంతా దాదాపు సమానంగా నేలను తాకుతుంది. బైకు టైరు గుండ్రంగా ఉంటుంది కనుక, తిన్నగా వెళ్తున్నంతసేపూ నడిమి భాగం మాత్రమే రోడ్డును తాకుతుంది, అక్కడే రబ్బరు అరిగి కొత్త పొర పైకి వస్తూ ఉంటుంది. భుజాల దగ్గరి, అంటే ట్రెడ్ రెండు అంచుల దగ్గరి రబ్బరు ఎప్పుడో గాని నేలను తాకదు. ఏళ్ల తరబడి అదే పై పొర గాలికీ ఎండకూ గట్టిపడుతూ, సన్నని బీటలు వారుతూ ఉంటుంది. మలుపులో బండిని వాల్చిన క్షణాన బరువంతా వెళ్లి పడేది ఆ ముదురు రబ్బరు మీదే. అప్పటికే తడిసిన రోడ్డయితే గట్టిపడిన రబ్బరుకు పట్టు ఇంకా తగ్గుతుంది. కారుకు నాలుగు టైర్లు, ఒకటి పట్టు తప్పినా మిగిలిన మూడు కొంత ఆదుకుంటాయి. బైకుకు ఆ అవకాశం లేదు, ముందు టైరు జారితే పడిపోవడమే.

టైరు ఎందుకు బీటలు వారిందని అడిగితే దుకాణాల్లో వచ్చే సమాధానం ఎండ. ఆ మాట అబద్ధం కాదు గానీ, సగమే నిజం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును దెబ్బతీస్తాయి, అయితే టైరుకు నలుపు రంగునిచ్చే కార్బన్ బ్లాక్ ఆ కిరణాలను చాలావరకు పై పొరలోనే పీల్చేసుకుంటుంది. లోతైన బీటలకు ముఖ్య కారణం గాలిలోని ఓజోన్. రబ్బరు అణువులు పొడవాటి కర్బన గొలుసులు, వాటిలో అక్కడక్కడ జంట బంధాలు ఉంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న వల్కనీకరణలో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసినప్పుడు ఆ గొలుసుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడి రబ్బరు గట్టిపడుతుంది గానీ, జంట బంధాలు చాలావరకు అలాగే మిగిలిపోతాయి. ఓజోన్ సరిగ్గా ఆ జంట బంధాల దగ్గరే గొలుసును తెంపుతుంది. వంద కోట్ల పాళ్ల గాలిలో కొన్ని పదుల పాళ్ల ఓజోన్ ఉన్నా చాలు, కాలం గడిచేకొద్దీ దాని పని అది చేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సాగకుండా, ఏ ఒత్తిడీ లేకుండా ఉన్న రబ్బరు మీద ఓజోన్ ఇలాంటి బీటలు తేలేదు. రబ్బరు కొద్దిగా సాగి ఉన్నచోటే గొలుసులు తెగి, తెగిన చివరలు దూరంగా జరిగి బీట తెరుచుకుంటుంది, అదీ సాగిన దిశకు అడ్డంగా. కనుక టైరు మీది బీటలను చూస్తే, అది ఎక్కడ ఏ దిశలో లాగబడిందో తెలుస్తుంది. రిమ్ముకు కాస్త పైన గానీ, భుజం కింద గానీ టైరు చుట్టూ వలయంగా సాగిపోయే బీట కనిపిస్తే, గాలి తక్కువతోనో, మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువుతోనో ఆ టైరు చాలాకాలం నడిచిందని అనుమానించాలి, ఎందుకంటే అప్పుడు పక్క గోడ ప్రతి చుట్టులోనూ అక్కడే మడతపడుతుంది. అలా కాక పక్క గోడంతా సన్నని వెంట్రుకల్లాంటి గీతలు ఏ దిశా లేకుండా అల్లుకుని ఉంటే, అది వయసు వల్లా, వాతావరణం వల్లా వచ్చింది. గాడుల అడుగున పొడవునా వచ్చే బీటలను నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకుంటాను. గాడి అడుగున రబ్బరు మందం తక్కువ, దాని కిందనే టైరుకు బలాన్నిచ్చే దారాల పొర ఉంటుంది.

టైరు తయారుచేసేవారికి ఇదంతా తెలియనిది కాదు. అందుకే రబ్బరులో రెండు రకాల రక్షణ కలుపుతారు. ఒకటి మైనం. అది మెల్లగా లోపలి నుంచి పైకి ఊరి, ఉపరితలం మీద పలుచని పొరగా పరుచుకుని ఓజోన్‌ను అడ్డుకుంటుంది. రెండోది ఓజోన్‌తో తానే ముందుగా చర్య జరిపి రబ్బరును కాపాడే రసాయనం, దానిలో అన్నిటికంటే ఎక్కువగా వాడేది 6పీపీడీ. కొంతకాలం వాడిన టైరు పక్క గోడ మీద కనిపించే గోధుమరంగు ఛాయ చాలావరకు ఈ రసాయనం పైకి రావడం వల్ల కలిగేదే. అది మురికి అనుకుని గట్టిగా రుద్ది తీసేస్తే పోయేది టైరు రక్షణే. టైరు తిరుగుతూ, వంగుతూ, వేడెక్కుతూ ఉంటే ఈ పదార్థాలు లోపలి నుంచి పైకి వస్తూ ఉంటాయి. కదలకుండా నిలబెట్టిన టైరులో ఆ రాక మందగిస్తుంది, పైగా నేలకు ఆనినచోట బరువుకు సాగిన రబ్బరు అదే సాగుడుతో నెలల తరబడి ఉండిపోతుంది. బండి నడవకపోయినా టైరు పాడైందేమిటని ఆశ్చర్యపోయేవారికి సమాధానం ఇందులోనే ఉంది. (6పీపీడీ ఓజోన్‌తో కలిసి ఏర్పడే ఒక పదార్థం వాననీటితో వాగుల్లోకి చేరి కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో పరిశోధకులు బయటపెట్టారు. దానికి బదులు ఏం వాడాలన్న వెతుకులాట ఇప్పుడు సాగుతోంది. ఆ మార్పు అవసరమే, అయితే రబ్బరు పాకం మారే రోజుల్లో టైరు వయసును కనిపెట్టి ఉండటం మరింత అవసరమవుతుంది.)

ఇక మనం చేతులారా చేసేవి. టైరు నల్లగా నిగనిగలాడాలని డీజిలు, కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం ఇప్పటికీ ఉంది. పెట్రోలియం నూనెలు రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తాయి, లోపలి రక్షణ పదార్థాలను కరిగించి బయటకు లాగేస్తాయి. ఆ రోజుకు టైరు కొత్తదానిలా మెరుస్తుంది, తర్వాత మామూలు కంటే త్వరగా బీటలు వారుతుంది. అన్ని పాలిష్‌లూ చెడ్డవని అనను, కానీ డబ్బా మీద పెట్రోలియం ద్రావకాలు ఉన్నాయని రాసి ఉంటే వాటి జోలికి పోకపోవడమే మేలు. ఏ పాలిష్ అయినా ట్రెడ్ మీద పడితే బండి జారుతుంది. చైన్‌కు కొట్టే స్ప్రే, నూనె ఎగిరి వెనుక టైరు మీద పడటం కూడా ఇలాంటిదే, వెంటనే తుడిచేయాలి. టైరు కడగడానికి నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్ చాలు.

గాలి ఒత్తిడి గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను కొద్దిగానే చెబుతాను. ఒత్తిడి కొలవవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి కదలక ముందు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 30 పీఎస్‌ఐ ఉన్న టైరులో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. దూరం నడిపి వచ్చి వేడి టైరులో సరిగ్గా ఉందని తృప్తిపడితే, మర్నాడు పొద్దున చల్లారాక అది తక్కువగానే ఉంటుంది. అలా తక్కువ గాలితో తిరిగే టైరు పక్క గోడ ఎక్కువగా వంగి, ఎక్కువ వేడెక్కి, ముందుగా బీటలు వారుతుంది. ఒకరు ఎక్కినప్పుడు ఎంత ఉండాలో, వెనుక మరొకరు ఎక్కినప్పుడు ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ ఒత్తిడిని చూసి అంతే కొట్టించుకోవడం పొరపాటు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బీటలు ముందుగా వచ్చాయా, రావలసిన వేళకే వచ్చాయా అన్నది తేల్చాలంటే టైరు ఎప్పుడు పుట్టిందో తెలియాలి. టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అన్న ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివరన, చాలా టైర్లలో ఒక చిన్న కోలాకారపు గడిలో, నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండు అంకెలు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. 2000కు ముందు మూడు అంకెలే వాడేవారు. అలాంటి టైరు ఇంకా ఏదైనా పాత బండికి కనిపిస్తే దాని మీద రోడ్డెక్కకూడదు.

మా బంధువుల్లో ఒకరు కొత్తదని కొన్న వెనుక టైరుకు కొద్దికాలానికే గాడుల మధ్య బీటలు కనిపించాయి. ట్రెడ్ మీద ఇంకా అచ్చులోని సన్నని రబ్బరు మొలకలు అక్కడక్కడ అలాగే ఉన్నాయి, అంత తక్కువగా నడిచింది. అమ్మినవారిని అడిగితే రోడ్లు బాగాలేవన్నారు, ఎండలో పెట్టి ఉంటారన్నారు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, చక్రం తిప్పుతూ తడిగుడ్డతో పక్క గోడ తుడిచి చూశాం. బయటి వైపు ఆ వరుస సగమే ఉంది, తేదీ లేదు. పూర్తి వరుస లోపలి వైపు, చైన్ పక్కన ఉంది. గ్రీజు, దుమ్ము కలిసి పేరుకుపోయిన ఆ చోట టార్చి వేసి, వేలితో తడిమితే గాని అంకెలు బయటపడలేదు. చివరి రెండు అంకెలు కొన్న సంవత్సరానికి చాలా వెనుకటివి. కొత్త టైరు అన్న పేరుతో చేతికి వచ్చింది ఎవరూ వాడని పాత టైరు. ఆ సంగతి బిల్లులో లేదు, అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. టైరు బిగించాక చూడాలంటే ఇంత అవస్థ, బిగించక ముందు చేతిలో పట్టుకుని చూస్తే అర నిమిషం పని.

ఇందులో అమ్మకందారుల వాదన కూడా చెప్పాలి, అది పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. చీకటిగా, చల్లగా, పొడిగా ఉండే గోడౌనులో, ఏ బరువూ పడకుండా నిలబెట్టిన టైరు బండికి బిగించిన టైరంత వేగంగా ముదరదు. తయారై ఏడాదో, అంతకు కాస్త ఎక్కువో అయిన టైరును సరిగ్గా దాచి ఉంచితే కొనడానికి నాకూ అభ్యంతరం లేదు. అయితే ఆ టైరు ఎలా దాచారో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? రేకుల కప్పు కింద, ఒకదానిపై ఒకటి పేర్చి, అడుగున ఉన్నది పైవాటి బరువుకు నలిగేలా పెట్టిన టైర్లను మనం చూస్తూనే ఉంటాం. వెల్డింగ్ జరిగేచోటా, నిప్పురవ్వలు చిమ్మే మోటార్లు తిరిగేచోటా ఓజోన్ పుడుతుంది, టైర్లు చాలాసార్లు అలాంటి షెడ్డుల్లోనే ఉంటాయి. దాచిన తీరుకు సాక్ష్యం చూపలేనప్పుడు కనీసం వయసయినా చెప్పాలి కదా. వయసు తెలిస్తే కొనాలా వద్దా, ఎంతకు కొనాలి అన్నది కొనేవాడు తేల్చుకుంటాడు.

కంపెనీల మాట చూద్దాం. అయిదేళ్లు వాడిన టైరును అప్పటి నుంచి ఏటా తెలిసినవారితో పరీక్ష చేయించాలని, ట్రెడ్ ఎంత ఉన్నా తయారైన తేదీ నుంచి 10 ఏళ్లకు మార్చేయాలని పేరున్న కంపెనీలు చెబుతున్నాయి. పదేళ్లన్నది దాటకూడని గరిష్ఠ హద్దు. అన్ని టైర్లూ అంతకాలం మన్నుతాయని దాని అర్థం కాదు. ఎక్కువ పట్టు కోసం మెత్తని రబ్బరుతో చేసిన టైర్లనూ, ఏళ్లు నిండకపోయినా బీటలు కనిపించిన టైర్లనూ అంతదాకా వాడే ప్రశ్నే లేదు. గమనించండి, పదేళ్ల లెక్క మొదలయ్యేది తయారీ తేదీ నుంచి. ఆ తేదీ కొనేవాడికి చెప్పకుండా ఆ సలహాను అతను పాటించేదెలా?

బీటలు ఉన్న టైరును మార్చాలా, ఇంకొన్నాళ్లు నడపవచ్చా అని అడిగేవారి కోసం నేను పాటించే పద్ధతి చెబుతాను. బీటలు మూసుకుని చిన్నవిగా కనిపించవచ్చు, కనుక మంచి వెలుతురులో చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ, ట్రెడ్ దిమ్మెను బొటనవేలితో పక్కకు నొక్కి గాడి అడుగు తెరిచి చూడాలి. పక్క గోడ మీద పైపైన మాత్రమే ఉండి, గోరు అంచుకు తగలని సన్నని గీతలైతే టైరు వయసు చూసుకుని, గాలి సరిగ్గా ఉంచుకుని, తరచూ గమనిస్తూ నడపవచ్చు. గోరు అంచు దిగేంత బీటలుంటే టైరు మార్చాలి. లోపలి దారాలు కనిపించినా, బీట పక్కన రబ్బరు ఉబ్బినా ఆ బండిని అక్కడి నుంచి నడిపించుకుని కూడా వెళ్లకూడదు, చక్రం విప్పి పంపాలి. ముందు టైరు విషయంలో ఈ హద్దులన్నిటినీ ఇంకా బిగించుకోవాలి. ట్యూబ్‌లెస్ టైరులో పంక్చర్ లేకుండానే గాలి తగ్గుతుంటే సబ్బునీళ్లు పక్క గోడ బీటల మీద కూడా పోసి చూడాలి, ఒక్క ట్రెడ్ మీదే పోసి వదిలేయకూడదు.

బీటల్లో జిగురు నింపడం, లోపల సీలెంట్ ద్రవం పోయడం, ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేసి నెట్టుకురావడం, ఇవేవీ మరమ్మతులు కావు. గాలి కారడం ఆగుతుందేమో గానీ, ముదిరిన రబ్బరుకు పోయిన సాగుడు తిరిగి రాదు. వేగంలో వేడెక్కి అదే చోట చీలితే ట్యూబ్ కూడా దానితోనే పోతుంది. పంక్చర్ షాపువాళ్లు అడిగినవారిని కాదనలేక ఈ పనులు చేస్తుంటారు. అది వారి తప్పుగా నేను చూడటం లేదు. టైరు మార్చడానికి డబ్బు సమకూరేదాకా ఎలాగో నెట్టుకురావాలనుకునేవారి ఇబ్బందీ నాకు తెలుసు. కానీ ఆ నెట్టుకురావడంలో వెనుక సీటు మీద కూర్చునేది చాలాసార్లు ఇంట్లోవాళ్లే.

బండిని కొంతకాలం వాడకుండా పెట్టేవారు దాన్ని నీడలో, సెంటర్ స్టాండ్ మీద ఉంచి, గాలి తగ్గకుండా చూసుకుంటే, బ్యాటరీ ఛార్జర్లకూ మోటారు పంపులకూ దూరంగా పెడితే టైరు ఎక్కువకాలం నిలుస్తుంది. సెంటర్ స్టాండ్ లేని బండిని అప్పుడప్పుడు కాస్త ముందుకో వెనక్కో జరిపి నిలబెట్టాలి. వీలుంటే కొంత దూరం నడిపి రావడం అన్నిటికంటే మంచిది.

నేను కోరే మార్పు పెద్దదేమీ కాదు. టైరు అమ్మిన ప్రతి బిల్లు మీద, సైజు పక్కన, ఆ నాలుగు అంకెల తయారీ కోడ్ రాయాలి. తినే వస్తువు మీదా, మందు సీసా మీదా తయారీ తేదీ అందరికీ అర్థమయ్యేలా ఉంటుంది. టైరు మీద అది వారాల లెక్కలో, ఒక పక్కన మాత్రమే, అర్థం తెలిసినవారికి తప్ప పనికిరాని రూపంలో ఉంది. కంపెనీలు దాన్ని నెల, సంవత్సరంగా రెండు పక్కలా అచ్చువేయడానికి అచ్చులు మార్చాలి, దానికి సమయం పట్టవచ్చు. బిల్లు మీద రాయడానికి మాత్రం ఏ సమయమూ అక్కర్లేదు. రాసి ఇచ్చిన బిల్లు ఉంటే, రేపు బీటలు వచ్చినప్పుడు తప్పు టైరుదా, దాచినవారిదా, వాడినవారిదా అన్న వాదన కూడా సగానికి తగ్గుతుంది. నిజాయితీగా కొత్త సరుకు అమ్మే దుకాణాలకు ఇది మేలే చేస్తుంది. పాత సరుకు మిగిలిపోయినవారు ఆ సంగతి చెప్పి ధర తగ్గించి అమ్ముకోవచ్చు. రవాణా, వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులు దీన్ని నిబంధనగా పెట్టాలని కోరుతున్నాను. అది జరిగేలోపు కొనేవారు తామే అడిగి బిల్లు మీద రాయించుకోవచ్చు, రాయనన్న చోట కొనకుండా వెనుదిరగవచ్చు.

మీ పత్రికకూ ఒక విన్నపం. వాహనాల పేజీలో టైరు పక్క గోడ ఫొటో ఒకటి పెద్దదిగా వేసి, తేదీ అంకెలు ఎక్కడ ఉంటాయో, వాటిని ఎలా చదవాలో బాణం గుర్తులతో చూపించండి. దాని పక్కనే పైపై గీతలున్న టైరు ఫొటో, లోతైన బీటలున్న టైరు ఫొటో వేస్తే, పాఠకులు తమ బండి దగ్గరికి వెళ్లి పోల్చి చూసుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ద్విచక్ర వాహనదారుడు